డిరైలర్ చక్రాలు: ఏ జత కొనాలి?

ప్రశ్న: నా రోడ్ సైకిల్‌కు షిమానో 105 ఆర్7000 డిరైలర్ ఉంది. అందులోని రెండు చిన్న చక్రాల పళ్లు అరిగి మొనదేలాయి. సిరామిక్ బేరింగ్ ఉన్నవి కొనమంటున్నారు. కొనమంటారా?

జవాబు: వద్దండి. వాటితో తగ్గే శ్రమ స్వల్పం, ధర మాత్రం ఎన్నో రెట్లు. మీ డిరైలర్‌కు రెండూ 11 పళ్లవే. దానికోసం షిమానో చేసిన జతే తీసుకోండి.

అసలు చూడాల్సింది పై చక్రాన్ని. అది ఇరుసు మీద కొద్దిగా అటూఇటూ జరుగుతుంది. గేరు మారినప్పుడు గొలుసు స్ప్రాకెట్‌కు ఎదురుగా సర్దుకునేది ఆ వెసులుబాటు వల్లే. కింది చక్రానికి అది అక్కర్లేదు. కాబట్టి రెండింటినీ తారుమారు చేయకండి. కొన్ని చౌక జతల్లో ఈ తేడాయే ఉండదు, అలాంటివి వదిలేయండి. చక్రం మీద బాణం గుర్తుంటే అది తిరిగే దిశకే ఉండాలి.

గొలుసు సాగిందేమో కూడా కొలిపించండి. సాగిన గొలుసు కొత్త పళ్లనూ త్వరగా అరగదీస్తుంది.