తేరుకున్నాక కూడా ఆక్సిజన్ ఎందుకు?

ప్రశ్న: గ్యాస్ గీజర్ ఉన్న స్నానాల గదిలో మా చెల్లెలు స్పృహ తప్పింది. బయటికి తీసుకొచ్చాక కాసేపటికి తేరుకుంది. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 99 చూపించింది. అయినా ఆసుపత్రిలో గంటల తరబడి మాస్కుతో ఆక్సిజన్ పెట్టారు. అది నిజంగా అవసరమేనా, డాక్టరు గారూ?
— ఒక పాఠకురాలు

జవాబు: అవసరమేనమ్మా. గాలి ఆడని చిన్న గదిలో గీజర్ మండుతుంటే ఆక్సిజన్ చాలక గ్యాస్ సరిగా కాలదు. అప్పుడు రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. మోనాక్సైడ్ 0.1 శాతమే ఉన్నా, ఆ గాలినే కొన్ని గంటలు పీలిస్తే హీమోగ్లోబిన్‌లో ఇంచుమించు సగం దాని వశమైపోతుంది. మిగిలిన సగమైనా సరిగా పనిచేస్తుందా అంటే అదీ లేదు. తన దగ్గరున్న ఆక్సిజన్‌ను కణాలకు తేలిగ్గా వదలదు.

అదృష్టవశాత్తు ఇది ద్విగత చర్య, అంటే వెనక్కి కూడా నడుస్తుంది. ఎంత వేగంగా నడుస్తుందన్నదే అసలు సంగతి. గాజు సీసాలో జరిగే చర్యనైతే వేడి చేసో, ఉత్ప్రేరకం వేసో తొందరపెట్టవచ్చు. మనిషి ఒంటిని అలా వేడెక్కించలేం, ఈ పట్టు విడిపించే మందూ వాడుకలో లేదు. మన చేతిలో ఉన్నవి ఆక్సిజన్ గాఢత, పీడనం. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలోని మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. బిగుతైన మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు. పీడన గదిలో మూడు అట్మాస్ఫియర్ల దగ్గర ఇస్తే అరగంట లోపే. బ్రిటిష్ శాస్త్రవేత్త జె.ఎస్. హాల్డేన్ 1895లోనే, రెండు అట్మాస్ఫియర్ల ఆక్సిజన్‌లో ఉంచిన ఎలుకలు మోనాక్సైడ్‌ను తట్టుకుని బతకగలవని చూపాడు.

బయటి గాలికే తేరుకుంది కదా అనిపించడం సహజం. కానీ తేరుకోవడం వేరు, విషం వదలడం వేరు. పై లెక్క ప్రకారం ఒట్టి గాలి మీద వదిలేస్తే తొమ్మిది, పది గంటలయ్యాక కూడా పావు వంతు రక్తంలోనే ఉంటుంది. అంతసేపూ మెదడు, గుండె కొరతలోనే గడపాలి. కొందరిలో మతిమరుపు, ప్రవర్తనలో మార్పు, నడకలో తడబాటు కొన్ని రోజులకో వారాలకో బయటపడతాయి. ఆక్సీమీటర్ చూపిన 99ని నమ్మడానికి లేదు. మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్ కూడా ఎర్రగానే ఉంటుంది కాబట్టి ఆ చిన్న పరికరం దాన్ని ఆక్సిజన్‌తో నిండినదిగానే లెక్కేస్తుంది. సంగతి తేల్చేది కో-ఆక్సీమీటర్‌తో చేసే రక్తపరీక్ష.

ఆక్సిజన్ ఎక్కువైతే ఊపిరితిత్తులకు చేటు అనే మాటలో నిజముంది. అయితే అది రోజుల తరబడి ఇచ్చినప్పటి మాట; కొన్ని గంటలకు ఆ భయం అక్కర్లేదు. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బున్నవారిని మాత్రం దగ్గరుండి కనిపెట్టాలి. ఇక పీడన గది అందరికీ కావాలా? తర్వాత వచ్చే మెదడు సమస్యలను అది ఎంతవరకు ఆపుతుందన్నదానిపై అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. గర్భిణులు, స్పృహ తప్పినవారి విషయంలో దాని గురించి ఆలోచిస్తారు, కాబట్టి మీ చెల్లెలి విషయంలోనూ వైద్యులను అడగడంలో తప్పులేదు. కానీ దాన్ని వెతుక్కుంటూ మాస్కు ఆక్సిజన్ ఆలస్యం చేయడం మాత్రం పొరపాటు.

ఆ గీజర్‌ను స్నానాల గదిలోంచి తీసి బయట గాలి ఆడే చోట బిగించండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దు. ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వస్తే ముందు అందరూ బయటికి వచ్చేసి, వెంటనే 108కి ఫోన్ చేయండి.