స్టీరియో మార్చితే వెనుక దీపాలు ఎందుకు ఆరిపోయాయి?

గత శీతకాలంలో ఒక శనివారం మధ్యాహ్నం మా అబ్బాయి తన పాత కారులోని రేడియోను ఊడదీసి, బజారులో కొన్న కొత్త స్టీరియోను స్వయంగా బిగించుకున్నాడు. పాట పలికింది, పని పూర్తయిందనుకున్నాడు. చీకటి పడ్డాక ఇంటికి తిరిగివస్తూ దీపాల మీట తిప్పితే డాష్‌బోర్డు వెలగలేదు. ముందు దీపాలు దివ్యంగా వెలుగుతున్నందువలన దానిని స్వల్ప లోపంగా భావించి హైవే ఎక్కాడు. పది మైళ్ళు వచ్చిన తరువాత పోలీసు అధికారి ఆపి, వెనుక దీపాలు రెండూ వెలగడం లేదని చెప్పాడు.

"స్టీరియోకూ వెనుక దీపాలకూ సంబంధమేమిటి నాన్నా?" అని వాడు అడిగిన ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం. నా వృత్తి రసాయన శాస్త్రం, విద్యుత్తు కాదు. అయినా మరునాడంతా ఇద్దరమూ ఆ కారులోనే తలలు దూర్చి గడిపాము.

బజారులో దొరికే స్టీరియోల తీగలకు వాడుకలో స్థిరపడిన రంగులున్నాయి. పసుపు తీగకు బ్యాటరీ నుండి ఎల్లప్పుడూ 12 వోల్టులు అందుతాయి. గడియారాన్నీ జ్ఞాపకాన్నీ నిలిపేది అదే. ఎరుపు తీగకు తాళంచెవి తిప్పినప్పుడే విద్యుత్తు వస్తుంది. నలుపు తీగ కారు లోహ శరీరానికి కలుస్తుంది. ఇక నారింజ రంగు తీగ ఉన్నది. చీకటిలో స్టీరియో మీటలు వెలగడానికో, దాని కాంతి తగ్గడానికో కారు దీపాల వలయం నుండి వచ్చే సంకేతం అది. మా అబ్బాయి కొన్న చౌక స్టీరియోకు ఆ తీగయే లేదు. కారు వైపునుండి వచ్చిన నారింజ తీగ మిగిలిపోతే, దాని కొనకు టేపు చుట్టకుండా వెనుకకు నెట్టేశాడు. స్టీరియోను లోపలికి తోసినప్పుడు ఆ కొన ఇనుప పట్టీకి తగిలింది.

పగలు పరీక్షించినప్పుడు లోపం బయటపడకపోవడానికి కారణం ఇదే: దీపాల మీట తిప్పేవరకు ఆ తీగలో విద్యుత్తు ఉండదు. తిప్పిన మరుక్షణం ఫ్యూజు కాలిపోయింది. చాలా కార్లలో డాష్‌బోర్డు దీపాలు, పార్కింగు దీపాలు, వెనుక దీపాలు ఒకే ఫ్యూజు మీద ఆధారపడతాయి. ముందు దీపాల వలయం వేరు. బ్రేకు దీపాలది కూడా సాధారణంగా వేరే. అందుచేత బ్రేకు నొక్కి చూచినవారు వెనుక అంతా సవ్యంగా ఉన్నదని భ్రమపడతారు.

కాలిన ఫ్యూజు 10 ఆంపియర్లది. ఆ వలయంలోని బల్బులన్నీ కలిపి 50 వాట్లనుకుంటే, 12తో భాగించగా నాలుగు ఆంపియర్లకు కొంచెం పైన. తీగ ఇనుమును తాకినప్పుడు మార్గమంతటి నిరోధం పదవ వంతు ఓము మాత్రమే అనుకుంటే ప్రవాహం 120 ఆంపియర్లు! "20 ఆంపియర్లది వేస్తే ఆగుతుందేమో" అన్నాడు మావాడు. ఇక్కడ మాత్రం నా వృత్తి అక్కరకు వచ్చింది. ఇటువంటి ఫ్యూజులలో సాధారణంగా ఉండేది తుత్తునాగపు పట్టీ. తుత్తునాగం 420 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. తీగలోని రాగి కరగడానికి 1085 డిగ్రీలు కావాలి. కాని తీగమీది పి.వి.సి. తొడుగు అంతదాకా ఆగదు. నూరు డిగ్రీల ప్రాంతంలోనే మెత్తబడుతుంది, 200 దాటితే విచ్ఛిన్నమై ఘాటైన హైడ్రోజన్ క్లోరైడును వెలువరిస్తుంది. ఫ్యూజును పెద్దది చేస్తే, కరగవలసిన పట్టీ నిలిచి, డాష్‌బోర్డు వెనుక తీగలు కాలుతాయి.

మేము చేసిన మరమ్మతు చిన్నదే. బ్యాటరీ రుణధ్రువాన్ని విడదీసి, స్టీరియోను బయటకు లాగి, నారింజ తీగ కొనకు టేపు చుట్టి, మరల 10 ఆంపియర్ల ఫ్యూజునే అమర్చాము. తరువాత వాడిని కారు వెనుక నిలబెట్టి దీపాలన్నీ ఒక్కొక్కటిగా వెలిగించి చూచాము.

అన్ని కార్లలో లోపం ఇలాగే కనబడదు. అనేక జపాను కార్లలో కాంతి తగ్గించే మీట బల్బులకు రుణధ్రువం వైపున ఉంటుంది. అటు తీగ ఇనుముకు తగిలితే ఫ్యూజు కాలదు. మీట ఎంత తిప్పినా డాష్‌బోర్డు పూర్తి కాంతితోనే ఉంటుంది. ఇటీవలి కార్లలోనైతే ఈ సంకేతం తరచు సమాచార తీగల ద్వారా వెళుతుంది. వాటిని పరీక్ష బల్బుతో తడవడం ప్రమాదకరం. ఆ కారుకు తగిన సంధానకాన్ని కొని వాడుకోవలసిందే.