తంతిలేని తేమవార్త: తప్పక, తగిన వేళకు చేరు విధము



నేలలోని తేమను కొలిచి రేడియో మూలమున వార్త పంపు చిన్న పరికరములను నేడు ప్రత్తి, మిరప చేలలో నిలుపుచున్నారు. వీనినే సెన్సారులందురు. కొనుటకు ముందు వీని వార్త యెట్లు చేరునో గ్రహించుట మేలు.

ఈ పాఠమును నేను నష్టము మూలమున నేర్చితిని. ఒక యేట గురజాల ప్రాంతమున, నల్లరేగడి ప్రత్తిచేలో, పలకపై కనబడిన యంకెను నమ్మి "తేమ చాలును, ఇప్పుడు తడి యక్కరలేదు" అని రైతునకు చెప్పితిని. ఆ యంకె మూడు దినముల నాటిది. నడుమ నున్న పరికరమొకటి బ్యాటరీ యుడిగి మూగవోగా, పాత యంకె పలకపై నట్లే నిలిచెను. సాగరు కుడికాలువ నీటి వంతు దాటిపోయెను, గూడ రాలెను. అంకె యేవేళదని యడుగకుండుట నా తప్పు.

వార్త నడుచు త్రోవ యిది. పరికరముల రేడియో బలము స్వల్పము. కావున దూరపుది తన వార్తను ప్రక్కదాని కందించును, అది వేరొకదానికి, తుదకు గట్టుమీది కేంద్రపెట్టెకు. వామి యంటుకొన్నపుడు బావినుండి కడవలు చేతులు మారినట్లన్నమాట. ఎన్ని చేతులు మారిన నన్నిచోట్ల జారిపడవచ్చును. పైగా ఆకులలోని నీరు రేడియో అలలను మ్రింగును. నాట్లనాడు చక్కగా పలికిన పరికరము పైరు కమ్ముకొన్నపుడు పలుకకపోవచ్చును.

లెక్క చూతము. ఒక్కొక్క అంగలో 100 వార్తలకు 90 చేరుననుకొందము. మూడంగలు దాటుసరికి 73 మాత్రమే మిగులును. "అందినది" యని ప్రతి యంగలో రసీదు పంపి, రసీదు రానిచో మరొక్కసారి పంపు నియమముంచిన, అంగకు 99 చొప్పున మూడంగలకు 97 చేరును. రసీదు తుదినుండి మాత్రమే వచ్చునట్లుంచిన, పోయిన వార్త మొదటినుండి మరల నడువవలెను, బ్యాటరీ వ్యర్థము.

ఇక వేళ. బ్యాటరీ నిలుచుటకై పరికరములు నిదురించి అప్పుడప్పుడు మేల్కొనును. 15 నిమిషముల కొకసారి దేని యిచ్చ నది మేల్కొన్నచో, మూడంగలకు 45 నిమిషములవరకు పట్టవచ్చును. దూరపుది ముందు, తరువాతిది వెనువెంటనే, వరుసగా మేల్కొనిన, బయలుదేరిన వార్త కొలది సెకండ్లలో చేరును. రెండు పరికరములొక్క క్షణమున పలికిన రెండు వార్తలును చెడును గనుక, కాలువనీటివలె వీనికిని వంతులుండవలెను. వంతు తప్పకుండుటకు గడియారములన్నియు నొక్కటిగా నడువవలెను.

అన్ని వార్తలకు నొకే తొందర యక్కరలేదు. తేమవార్త కొన్ని గంటలు జాగైనను చేటులేదు, రాకపోవుటయే చేటు. బోరుమోటారు నీరులేక వట్టిగా తిరుగుచున్నదను వార్తయు, కల్లములోని మిరపకాయలపై చినుకు పడెనను వార్తయు నిమిషములలో రావలెను. అట్టివానికి ముందు దారి యీయవలెను.

కర్ణాటకమున తుమకూరు జిల్లా పావగడ తాలూకా తెలుగువారు మిక్కిలిగా నున్న మెట్టసీమ. అందలి చెన్నకేశవపురమున 2000 తరువాతి దశాబ్దములో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సువారు, స్విట్జర్లండులోని లోజాన్ సాంకేతిక విద్యాలయమువారు కలసి "కామన్‌సెన్స్ నెట్" అను పేర, చిన్న రైతుల కొరకు ఇట్టి పరికరములను నిలిపి పరిశోధించిరి. మన దేశమున 865–868 మెగాహెర్ట్జ్ అలలకు లైసెన్సు అక్కరలేదు. ఆకులను దాటుటలో ఇవి 2,400 మెగాహెర్ట్జ్ అలలకన్న మెరుగు.

కొనునపుడు ఈ నాలుగు సంగతులు విచారింపుడు:

1. ప్రతి యంకె ప్రక్కను కొలిచిన తేదీ, గంట కనబడునా?
2. వార్త రానపుడు పాత యంకెకు మారుగా "వార్త లేదు" అని చూపునా?
3. కేంద్రపెట్టె దగ్గరి పరికరము అందరి వార్తలు మోయును, ముందుగా నలయును. దాని బ్యాటరీ బలమెంత?
4. నిండుపైరులో పరీక్షించి చూపుదురా?

మూగవోయిన పరికరమును చూచి నేల తడిగా నున్నదని తలపవలదు. సందేహము గలిగిన దినమున గునపముతో జానెడు త్రవ్వి, మట్టిని పిడికిట పట్టి చూడుడు.

— వ్యవసాయ ప్రదర్శకుడు