ఏడు నెలలకు వచ్చిన ఏడుపు

సమస్య

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు ఉత్తరం రాశాడు. పదో తరగతి నుంచి కలిసి తిరిగిన స్నేహితుడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. పోస్టుమార్టం దగ్గర సంతకాలు, అంబులెన్సు, ఊళ్లో ఉన్న తల్లికి కబురు, ఇన్సూరెన్సు కాగితాలు అన్నీ ఇతనే చూసుకున్నాడు. పెద్దకర్మ అయ్యేదాకా కంటతడి పెట్టలేదు. గుండె గట్టివాడని అందరూ మెచ్చుకున్నారు.

ఏడు నెలల తర్వాత ఓ సాయంత్రం టీ కొట్టు దగ్గర అలవాటుగా "వన్ బై టూ" అనేశాడు. కుర్రాడు రెండు గ్లాసులు తెచ్చి ముందు పెట్టాడు. ఇతను అక్కడే వెక్కివెక్కి ఏడ్చాడు. అప్పటినుంచి నిద్ర లేదు, చిన్న మాటకే కోపం. "అప్పుడు రాని ఏడుపు ఇప్పుడెందుకు?" అంటోంది భార్య. తనకు పిచ్చి పడుతోందేమోనని అతని భయం.

సలహా

ఇది పిచ్చి కాదు, ఆలస్యంగా వచ్చిన దుఃఖం.

1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్‌లో కొకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్ తగలబడి 492 మంది చనిపోయారు. ఆత్మీయులను పోగొట్టుకున్నవాళ్లను దగ్గరగా చూసిన మానసిక వైద్యుడు ఎరిక్ లిండెమన్ 1944లో ఒక వ్యాసం రాశాడు. అందులో 17 ఏళ్ల అమ్మాయి ఉంది. అమ్మానాన్నలు పోయారు, తనకూ ఒళ్లు కాలింది. అయినా ఆస్పత్రిలో హుషారుగానే ఉంది; ఇంటికెళ్లి తనకన్నా చిన్నవాళ్లైన తోబుట్టువులిద్దరినీ సాకాలన్న ధ్యాసే. పదో వారం చివరికి గానీ ఆమెకు అసలు దుఃఖం రాలేదు. మీద పనులు పడినవాళ్లకు, పక్కవాళ్లకు ధైర్యం చెప్పాల్సినవాళ్లకు ఇలా జరుగుతుందని లిండెమన్ తేల్చాడు. ఈ యువకుడి సంగతీ అంతే.

పైగా పోయింది స్నేహితుడు. మైల లేదు, ఆఫీసులో సెలవు అడగడానికి చుట్టరికం లేదు. పరామర్శకు వచ్చినవాళ్లు తల్లిని ఓదార్చారు, ఇతని చేతికి పనులు అందించారు. లోకం లెక్కలోకి తీసుకోని ఇలాంటి శోకం గురించే పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో పుస్తకం తెచ్చాడు.

అతను ముందు ఆ తల్లి దగ్గరికి వెళ్లాలి, ఈసారి కాగితాలు లేకుండా. కొడుకు చిన్ననాటి కబుర్లు చెప్పించుకోవాలి, తనకు తెలిసినవి చెప్పాలి. ఏడుపొస్తే ఆపుకోనక్కర్లేదు. భార్య కారణం అడగడం మానేసి కాసేపు పక్కన కూర్చుంటే చాలు.

నిద్రలేమి వారాల తరబడి సాగినా, మందు అలవాటైనా మానసిక వైద్యుణ్ణి కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.