క్లియోమ్ విత్తనం ఎందుకు ఆలస్యం చేస్తుంది?

గులాబీ, తెలుపు, ఊదా రంగుల్లో గుత్తులుగా పూసే తోట మొక్క క్లియోమ్. దీని పొడవైన కేసరాలు సాలీడు కాళ్లలా బయటికి చాచుకొని ఉంటాయి. అందుకే దీన్ని స్పైడర్ ఫ్లవర్ అని కూడా పిలుస్తారు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. మన చేలగట్ల మీద పెరిగే వామింట, పసుపు పూల కుక్కవామింట దీని బంధువులే.

ఈ విత్తనాలు చల్లి రెండు వారాలైనా మొలక కనిపించకపోతే, అవి పుచ్చిపోయాయని కుండీలోని మట్టిని పారబోసేవారు ఉంటారు. నిజానికి వాటిలో చాలావరకు బతికే ఉండవచ్చు. తడి, గాలి, వెచ్చదనం ఉన్నా విత్తనం మొలవకుండా ఆగి ఉండే ఈ స్థితిని సుప్తావస్థ అంటారు.

దాన్ని మేల్కొలిపే ముఖ్య సంకేతాల్లో ఒకటి పగటికీ రాత్రికీ మధ్య ఉష్ణోగ్రతలో వచ్చే తేడా. అందుకే విత్తన పరీక్షశాలల్లో క్లియోమ్ విత్తనాలను రోజులో 16 గంటలు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద, 8 గంటలు 30 డిగ్రీల వద్ద ఉంచుతారు.

ఈ తేడా విత్తనానికి ఏం చెబుతుంది? నేల పైపొర ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లబడుతుంది. మట్టిలో వేడి నెమ్మదిగా ప్రయాణిస్తుంది కాబట్టి, లోతుకు వెళ్లేకొద్దీ ఈ హెచ్చుతగ్గులు తగ్గిపోతాయి. అర మీటరు లోతులో పగలు, రాత్రి దాదాపు ఒకేలా ఉంటాయి. దట్టమైన మొక్కల నీడలో కూడా తేడా తక్కువే. అంటే తేడా ఎక్కువగా ఉన్నచోట విత్తనం పైపొరలోనే ఉందని, పైన నీడ లేదని అర్థం. చిన్న విత్తనంలో ఆహార నిల్వ కొద్దిగానే ఉంటుంది. లోతులో మొలిస్తే వెలుగు చేరేలోపే అది అయిపోతుంది.

ఇంట్లో పెంచేవారు విత్తనాలను తడి కాగితంలో చుట్టి ఒకటి, రెండు వారాలు ఫ్రిజ్‌లో ఉంచితే మేలు. తరువాత వాటిని మట్టి మీద చల్లి, పైన పలుచగా మట్టి జల్లాలి. కుండీని ఏసీ గదిలో కాకుండా, పగలు వెచ్చగా, రాత్రి చల్లగా ఉండే ఆరుబయట పెట్టాలి. మట్టి ఆరిపోకూడదు, నీరు నిలవకూడదు. తల్లివేరు లోతుగా దిగే మొక్క కాబట్టి నారు చిన్నగా ఉండగానే నాటుకోవాలి. మొక్కకూ మొక్కకూ మధ్య సుమారు 45 సెంటీమీటర్ల దూరం, రోజంతా ఎండ ఉంటే మీటరుకు పైగా ఎదుగుతుంది.

మొలక రాని కుండీని వెంటనే ఖాళీ చేయకుండా మరికొన్ని వారాలు తడి ఆరకుండా చూడటం మంచిది. ఆగి ఉన్న విత్తనాలు తరువాత మొలవవచ్చు.