తుపాకిగొట్టములో పాలరాయి

గ్రానైటు సముద్రజలమునుండి పేరుకొనిన శిలయని పూర్వము పెక్కుమంది పండితులు తలంచిరి. స్కాట్లండు దేశీయుడగు జేమ్సు హట్టను దాని నంగీకరింపలేదు. 1785వ సంవత్సరమున గ్లెన్ టిల్టు లోయలో ఎఱ్ఱని గ్రానైటు పాయలుపాయలుగా వేఱొక శిలలోనికి చొచ్చుకొనియుండుట ఆతడు చూచెను. కరగిన రాయిగాక మఱేది అట్లు చొరగలదు? కరగి చల్లారిన ఇట్టివి అగ్నిశిలలు.

భూగర్భమందలి వేడిమిచేతను ఒత్తిడిచేతను సున్నపురాయి పాలరాయి యగునని హట్టను మతము. కాల్చినచో వాయువు వెడలి సున్నమే మిగులునని ప్రతిపక్షుల ఆక్షేపణ. ఆతని మిత్రుడు జేమ్సు హాలు దీనిని పరీక్షింపగోరెను. కాని చిన్న కొలిమితో భూగర్భమును తూచరాదని హట్టను తలంచుటచే, 1797లో ఆతడు మరణించువఱకు గౌరవముతో వేచియుండెను. పిదప సుద్దపొడిని తుపాకిగొట్టములో బిగించి కాల్చెను. కొన్ని గొట్టములు పగిలెను, హాలు విడువలేదు. తుదకు వాయువు వెడలజాలక, సుద్ద పాలరాయివలె గట్టిపడెను. ఇట్లు మాఱిన శిలలే రూపాంతర శిలలు.

1805లో హాలు ఈ ఫలితమును ఎడింబరో రాయల్ సొసైటీకి నివేదించెను. హట్టను ఊహ రుజువయ్యెను. చూచుటకు ఆతడు లేడు.