పాత యింటి గోడ

గోదావరీ తీరమున ఒక గ్రామములో నూరేండ్లు దాటిన పెంకుటిల్లు కలదు. దాని గోడలు ఎఱ్ఱని యిటుకలతోను, గానుగ సున్నముతోను కట్టబడినవి. ఇటుకలు గట్టిగానే యుండెను గాని, పడమటి గోడలో వాని నడుమ నున్న సున్నము రాలి, సందులు వ్రేలు దూరునంత లోతయ్యెను. వానకాలమున ఆ గోడ చెమ్మగిల్లుచుండెను. ఆ గదిలోనే గృహస్థుని వృద్ధమాత పరుండెడిది. “నాయనా! ఈ చెమ్మకు రాత్రులు దగ్గు ఆగుట లేదు” అని యామె చెప్పగా, కుమారుడు గోడ బాగు చేయింప నిశ్చయించెను.

మొదట వచ్చిన మేస్త్రి గోడను దూరమునుండియే చూచి, “అయ్యగారూ! సిమెంటుతో నాలుగు దినములలో సందులు మూసివేసెదను. సగము సొమ్ము ముందుగా ఇప్పించుడు” అనెను.

రెండవవాడు వృద్ధుడు. అతడు సందులోని సున్నమును గోటితో గీకి, వ్రేళ్ల నడుమ నలిపి చూచెను. పిదప చూరువైపు తలయెత్తి, “బాబూ! పగిలిన పెంకులనుండి నీరు గోడపై పడుచున్నది. ముందు దానిని సరిచేయవలెను. తరువాత సందులను సున్నముతోనే నింపవలెను. ఇరువది దినములు పట్టును, కూలియు నెక్కువగును” అనెను.

“సిమెంటు గట్టిది కదా! దానితో నింపిన మేలు కాదా?” అని గృహస్థు డడిగెను.

మేస్త్రి బదులు చెప్పక, అతనిని వీధి చివరి యింటికి తోడ్కొనిపోయెను. అచ్చటి పాత గోడకు కొన్నియేండ్ల క్రిందట సిమెంటు పూసియుండిరి. ఇటుకల ముఖములు పొడియై రాలిపోగా, సిమెంటు గీతలు మాత్రము ప్రక్కటెముకలవలె నిలిచియుండెను.

“చూచితిరా! గోడలో చేరిన తడి బయటికి పోవలెను. సున్నపు సందు దానికి దారి యిచ్చును. సిమెంటు ఆ దారి మూయగా, తడి ఇటుకగుండ వెలువడును. దానితో వచ్చిన ఉప్పు ఇటుకను తినివేయును. సందు చెడిన మరల నింపవచ్చును, ఇటుక చెడిన గోడయే పోవును” అని మేస్త్రి వివరించెను.

ఈ మాటలలో శాస్త్రము కలదు. సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కాల్చగా, దానిలోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. మిగిలిన సున్నముపై నీరు పోసినచో అది కుతకుత నుడుకును. గోడలో చేరిన పిదప, గాలిలోని ఆ వాయువునే మెల్లమెల్లగా గ్రహించి మరల రాయివలె గట్టిపడును. పోర్టులాండు సిమెంటునకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పేటెంటు పొందెను. అంతకు పూర్వము వేలయేండ్లుగా సున్నము కట్టడములకు ఉపయోగపడుచుండెను.

గృహస్థుని యొద్ద ఇల్లంతటికి చాలు సొమ్ము లేదు. “ఈ యేడు పడమటి గోడ మాత్రమే చేయుదము. నాలుగు గోడలు చెడగొట్టుటకన్న ఒక గోడ బాగు చేయుట మేలు” అని మేస్త్రి చెప్పెను. పని సాగినకొలది కూలి యిచ్చునట్లు కాగితముపై వ్రాసికొనిరి. మొదట జానెడు మేర నింపి, ఆరిన పిదప చూచి, తక్కిన పనికి పూనుకొనిరి.

సంక్రాంతి వెళ్లిన పిదప పని మొదలయ్యెను. ముందుగా చూరు పెంకులు మార్చిరి. సందులను అంగుళము లోతువఱకు ఉలితో జాగ్రత్తగా తీసి, కడిగి, తడిపిరి. ఒక పాలు సున్నమునకు మూడు పాళ్లు ఇసుక కలిపి, సన్నని తాపీతో అదిమి నింపిరి. ఎండ తగులకుండ తడిగోనెలు వ్రేలాడదీసిరి.

మొదటి వానలలో గోడ కొంత చెమ్మగానే యుండెను. గృహస్థుడు కలతపడగా, “ఏండ్ల తరబడి చేరిన తడి యొక్కనాట పోవునా?” అని మేస్త్రి నవ్వెను. మరుసటి యేట శ్రావణమాసమున ముసురు పట్టిన రాత్రి తల్లి గోడపై అరచేయి వేసి చూచి, “పొడిగా నున్నది, నాయనా!” అనెను. ఆ మరునాడే కుమారుడు ఉత్తరపు గోడ పనికి మేస్త్రిని పిలువనంపెను.